ఒకటో తరగతి ఎవరిది?

వంటింటి గోడకు అంటించిన టైంటేబుల్‌ను చెన్నమ్మాళ్ చదవలేదు. చదవలేదన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసేలా చదవలేదు. దాని పక్కనే నిలబడి మిరపకాయలు తుంచింది, దాని కిందే కూర్చుని చింతపండు పిసికింది, కన్ను మాత్రం పైకి ఎత్తలేదు.

తోడికోడలు పాంచాలి శనివారం మధ్యాహ్నమంతా కూర్చుని రాసిన కాగితం అది. సోమవారం మిల్లు ఇస్కూలు తెరుస్తారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు టీచర్లు బయల్దేరాలి. పిండి ఎవరు రుబ్బాలి, కొళాయి దగ్గర బిందెలు ఎవరు పెట్టాలి, పాఠాల నోట్సు ఎప్పుడు రాసుకోవాలి, పుస్తకాలు మూసేసి ఇంట్లోవాళ్ళతో ఎప్పుడు కూర్చోవాలి, అన్నీ గళ్ళు గీసి నింపింది. ఎర్ర సిరా అక్కది, నీలి సిరా తనది. రెండు రంగులూ సమానంగా ఉన్నాయి.

ఆ సమానమే చెన్నమ్మాళ్ కడుపులో మంట పెట్టింది. ఈ ఇంటికి ముందు వచ్చింది తాను. ఆ ఇస్కూల్లో ముందు చేరింది తాను. నిన్నగాక మొన్న మదురై నుంచి ట్రంకుపెట్టెతో దిగిన పిల్లతో తనకు సగం సగమా?

"ఎంత నీటుగా రాసింది చూడు చెన్నమ్మా," అంది అత్త మూకాయి, గోడ వైపు చూస్తూ. ఆమెకు అక్షరం ముక్క రాదు. "ముగ్గు మాదిరి ఉండాది."

"ముగ్గు వాకిట్లో వెయ్యాల అత్తా. వంటింటి గోడకు కాదు."

పాంచాలి పొయ్యి ఊదుతున్నదల్లా ఆపి తల తిప్పింది. "నీకు ఏది కుదరకపోయినా చెప్పక్కా, మారుస్తాను. పోయిన యేడు రెండు తరగతులూ చూసి, ఇంటికొచ్చి స్లేట్లు దిద్ది, సరిగా తిండి కూడా తినలేదంట గదా నువ్వు. బావ చెప్పినాడు. ఈ యేడు ఇద్దరికీ అట్లా కాకూడదనే దా ఇది రాసినాను."

"బావ చెప్పినాడా?"

చెన్నమ్మాళ్ మొగుడి వైపు చూసింది. గోపాలసామి మిల్లులో స్పిన్నింగు మేస్త్రీ. తలలో చిక్కుకున్న దూది తుండుగుడ్డతో దులుపుకుంటున్నవాడు, ఆ చూపు తగలగానే, దులపడానికి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. భార్యతో ఆ మాట ఒక్కనాడూ అనలేదు ఆయన. తిన్నావా అని అడగలేదు. తమ్ముడి పెళ్ళాంతో మాత్రం చెప్పుకున్నాడు.

"నా తిండి సంగతి నేను చూసుకుంటాలే," అంది చెన్నమ్మాళ్. "నువ్వు నీ ఒకటో తరగతి చూసుకో."

ఆ 'నీ' అన్న మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

పోయిన యేటి వరకు ఒకటో తరగతీ మూడో తరగతీ ఒకే షెడ్డులో, ఒక్క టీచరు చేతి కింద, అంటే చెన్నమ్మాళ్ చేతి కింద ఉండేవి. ఈ యేడు మిల్లు వాళ్ళు ఇంకొక టీచరుకు ఒప్పుకున్నారు. శుక్రవారం హెడ్మాస్టరు ఆరోగ్యసామి సారు ఇద్దరినీ నిలబెట్టి పంచేశారు. ఒకటో తరగతి పాంచాలికి, మూడో తరగతి చెన్నమ్మాళ్‌కు. "చిన్నబిడ్డలకు కొత్త ట్రెయినింగు కావాల. మూడో తరగతికి మీ మాదిరి పెద్దవాళ్ళే దా సరి," అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆమెకు మాత్రం, కొత్తొక వింత పాతొక రోత అని మొహం మీదే అన్నట్టు తగిలింది. మిల్లు కూలీల ఈ లైన్ ఇళ్ళల్లో ఇంటి తెలుగు తప్ప ఏమీ తెలియని బిడ్డల చేత అరవ అక్షరం దిద్దించింది ఎవరు? ముక్కులు తుడిచింది ఎవరు?

పంపకంతో పాటు సారు ఇంకొక మాట కూడా చెప్పారు. సోమవారం పొద్దునే మిల్లు మేనేజరు వస్తాడు. ఒకటో తరగతి నిండుగా కనబడితే కొత్త పోస్టు నిలుస్తుంది. లేకపోతే లేదు.

పోస్టు నిలవకపోతే పాంచాలి మదురై పోవాలి. ట్రెయినింగు చదివిన బడిలో ఆమెకు చోటు ఉంచారు. మొగుడు అయ్యప్పన్ పని తుడియలూరు పంపుసెట్టు వర్క్‌షాపులో. వాడు ఇక్కడ, ఆమె అక్కడ. పెళ్ళయి ఇంకా తాళి పసుపు వాడలేదు. అందుకే ఆ పిల్ల ఇంత కిందామీదా పడుతున్నది.

అయ్యప్పన్ అప్పుడే సైకిలు దిగి, సంచీలోంచి చిన్న చిన్న ఇనుప కొక్కేలు తీసి చాప మీద పోశాడు. "ఇవి చాలునా? బిడ్డల ఎత్తుకు కొట్టిస్తాను. సంచులు వాళ్ళే తగిలించుకుంటారు."

"రేపు నేనూ వస్తాను, మేకులు కొట్టేకి," అన్నాడు వాకిట్లోంచి గోపాలసామి.

ఇన్నేళ్ళలో తన షెడ్డులో ఈ ఇంటి మగవాళ్ళు ఒక్క మేకు కొట్టలేదు. చెన్నమ్మాళ్ చింతపండు పిప్పిని గట్టిగా పిండింది. రసం ఎప్పుడో అయిపోయింది.

*

ఆదివారం పొద్దున మూకాయి కినత్తుకడవు బస్సెక్కింది, చెల్లెలి ఇంట్లో బిడ్డకు చెవులు కుట్టించే విందుకు. మగవాళ్ళిద్దరూ పాంచాలితో బడికి పోయారు. ఇంట్లో చెన్నమ్మాళ్ ఒక్కతే మిగిలింది.

ప్రతి యేడూ ఆ రోజు ఆమె ఇంట్లో ఉండేది కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మిల్లు లైన్లలో బిడ్డను ఒకటో తరగతికి పంపరు, అప్పగిస్తారు. బడి తెరవడానికి ముందటి ఆదివారం టీచరు గడప గడపకూ పోవాలి. బిడ్డను నిలబెట్టి, కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమనాలి. వేళ్ళు చెవికి అందితే ఈడు వచ్చినట్టు. 'రేపు వస్తాను, బిడ్డను సిద్ధం చెయ్యండి' అని నోరారా పిలవాలి. మర్నాడు తల్లులు ఫస్టు షిఫ్టు సంగు, అంటే మిల్లు సైరను, కూయగానే మిల్లుకు పోతారు. ఇంట్లో ఉండేది ముసలవ్వలు. టీచరు మళ్ళీ గడపలోకి రావాలి. అవ్వ బిడ్డ నోట్లో బెల్లం పెట్టి, బిడ్డ చెయ్యి టీచరు చేతిలో పెట్టాలి. పిలవని పెళ్ళికి పోకూడదు, పిలవని బడికీ పోకూడదు, పోతే చదువు అంటదు అని వాళ్ళ నమ్మకం.

హెడ్మాస్టరుకు ఇదేమీ తెలియదు. ఆయన పొల్లాచ్చి రోడ్డు బస్సులో గంట కొట్టే వేళకు దిగుతారు. అప్పటికి బిడ్డలు వరసగా కూర్చుని ఉంటారు. తమంతట తామే వచ్చారని ఆయన అనుకున్నారు. చెన్నమ్మాళ్ ఎప్పుడూ చెప్పలేదు. తన పని తాను చేసినదానికి చాటింపు ఎందుకని.

పాంచాలి మదురై పిల్ల. ఆమె బడి తెరిచే వేళను అచ్చుగుద్దినట్టు అరవంలో రాసి కొళాయి పక్క గోడకు అంటించింది. కొళాయి దగ్గరకు వచ్చే అవ్వల్లో దాన్ని చదవగలిగినది ఒక్కతీ లేదు.

సాయంత్రం నీళ్ళ దగ్గర రామాయి బిందె దించి అడిగింది. ఆమె మిల్లులో రీలింగులో పని చేస్తుంది. "టీచరక్కా, ఈ పొద్దు పిలవ రాలేదేమి? నా కూతురు ముని పొద్దున్నించి చెవి పట్టుకుని చూపిస్తాండాది అందరికీ."

"ఒకటో తరగతి ఈ యేడు నాది కాదు రామాయీ. కొత్త టీచరుది."

"అయితే ఆమె వస్తదా?"

"ఆమె పనులు నాకేం తెలుసు?"

"సరి. రాకపోతే మా అమ్మ పంపదు. నీకు తెలియనిదా," అని రామాయి బిందె చంకకు ఎత్తుకుంది.

పాంచాలి ఇల్లు చేరేసరికి చేతులనిండా సున్నం. మొహం మాత్రం వెలిగిపోతున్నది. "బిడ్డబిడ్డకూ చాప మీద చోటు గీసినానక్కా. పేర్లకు బదులు బొమ్మలు అంటించినా. ఆకు, చిలక, బండిచక్రం. చదవడం రాని బిడ్డ కూడా తన చోటు తాను కనుక్కుంటది." కాళ్ళు కడుక్కుంటూ ఉన్నట్టుండి ఆగింది. "అక్కా, నువ్వు ఇన్నేళ్ళు చేసినావు. ఇంగేమన్నా మరిచితినా నేను? ఉంటే చెప్పు."

అడిగింది. నేరుగా అడిగింది. అంతకన్నా ఎవరైనా ఎట్లా అడుగుతారు?

చెన్నమ్మాళ్ చేట పక్కన పెట్టి లేచింది. ఆకు, చిలక, బండిచక్రం. తనకు ఇన్నేళ్ళలో ఈ ఆలోచన ఎందుకు రాలేదు?

"అన్నీ టైంటేబుల్లో రాసుకుంటివి గదా," అంది. "నన్నేల అడిగేది?"

*

సోమవారం పాలక్కాటు కనుమ గాలికి తుంపర పడుతున్నది. గంట కొట్టారు. మూడో తరగతి బిడ్డలు అరుచుకుంటూ షెడ్డులోకి వచ్చారు. ఈ యేడు రెండు తరగతుల మధ్య కట్టిన తడిక అవతల చప్పుడే లేదు.

కాసేపటికి పాంచాలి తడిక పక్కకు వచ్చి నిలబడింది. "అక్కా, ఒక్క బిడ్డ కూడా రాలేదు."

"వాన గదా."

"నీ బిడ్డలు వచ్చినారే."

"వాళ్ళు పెద్దవాళ్ళు. దారి తెలుసు."

పాంచాలి ఇంకేదో అడగబోయి, మూడో తరగతి బిడ్డలు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే తడిక అవతలికి పోయింది. హెడ్మాస్టరు వచ్చారు, ఖాళీ చాపలు చూశారు, గోడ గడియారం చూశారు. "ఏంది టీచర్ ఇది, మేనేజరు వచ్చే పొద్దయిపోతాండాది. లైన్లోకి పోయి చూడండి, సీక్రం," అన్నారు.

పాంచాలి గొడుగు కూడా తీసుకోకుండా పోయింది.

పలక మీద ఎక్కాలు రాయమని బిడ్డలకు చెప్పి చెన్నమ్మాళ్ కిటికీ దగ్గర నిలబడింది. మనసు నెమ్మదిగా ఉండాల్సింది. లేదు. ఆ పిల్ల ఖాళీ చేతులతో తిరిగి రావడం కళ్ళారా చూడాలనిపించింది. ఓర్వలేనితనం మనిషిని ఒకచోట నిలవనిస్తుందా? తరగతిని లీడరుకు అప్పజెప్పి, కొంగు తలమీద కప్పుకుని, ఆమె కూడా లైన్ల వైపు నడిచింది.

మొదటి వరసలో తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. రెండో వరసలో రామాయి తల్లి వల్లియమ్మాళ్ గడపలో కూర్చుని ఉంది. ఆమె ముందు, వాన నీళ్ళల్లో గొంతుక్కూర్చుని పాంచాలి.

"నువ్వు నిన్న రాలేదు గదమ్మా," అంటున్నది వల్లియమ్మాళ్. "పిలవకుండా ఎట్ల పంపేది?"

"నాకు తెలియదవ్వా. మా ఊర్లో ఈ ఆచారం లేదు. ఇప్పుడు పిలుస్తాండాను. తప్పయితే మన్నించు." పాంచాలి ముని వైపు తిరిగింది. "నీ చెవి అందుతదా, చూపించు. అబ్బో, నాకే అందదు, చూడు." అని తన చెయ్యి తలమీద తిప్పి, అందనట్టు పక్కకు ఒరిగింది. ముని కిలకిలా నవ్వింది. నవ్వుతూ దగ్గరకు వచ్చి, పాంచాలి వేళ్ళు పట్టి చెవి దాకా లాగింది.

వల్లియమ్మాళ్ కూడా నవ్వింది. బెల్లం ముక్క కోసం కొంగుముడి విప్పింది.

ఇంకొక్క నిమిషం. ముని చెయ్యి ఆ పిల్ల చేతిలో పడితే ఈ వరసంతా ఆ పిల్లదయిపోతుంది. వల్లియమ్మాళ్ పంపితే మిగిలిన అవ్వలూ పంపుతారు. రేపటి నుంచి కొళాయి దగ్గర టీచరక్క అంటే ఇంకొకతి.

"వల్లియమ్మక్కా," అని పిలిచింది చెన్నమ్మాళ్. "ఇంకా బిడ్డను సిద్ధం చెయ్యలేదా?"

వల్లియమ్మాళ్ మొహం విప్పారింది. "వస్తివా తల్లీ. ఎక్కడ రావేమో అనుకుంటిని." బెల్లం మనవరాలి నోట్లో పెట్టి, పాంచాలి వేళ్ళల్లోంచి మునిని విడిపించి, చెన్నమ్మాళ్ చేతిలో పెట్టింది.

పాంచాలి లేచి నిలబడింది. చీర కుచ్చెళ్ళు బురద అయ్యాయి.

"నీకు ముందే తెలుసు గదక్కా," అంది మెల్లగా.

చెన్నమ్మాళ్ మునిని పట్టుకుని పక్క గడపకు పోయింది. అక్కడినుంచి ఆ పక్కకు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 'టీచరక్క వచ్చింది' అన్న మాట ఆమెకన్నా ముందు నడిచింది. కాసేపటికి ఆమె వెనక బిడ్డల వరస, ఆ వరసకు చివర, ఏడుస్తున్న ఒక పసిదాన్ని ఎత్తుకుని పాంచాలి.

*

వాళ్ళు షెడ్డు చేరేసరికి మేనేజరు వచ్చి గొడుగు మూస్తున్నాడు.

బిడ్డలు లోపలికి పోయారు. ఆకు బొమ్మ దగ్గర ఒకడు, చిలక దగ్గర ఒకతి. సంచులు కొక్కేలకు తగిలించారు. ప్రతి యేడూ మొదటి రోజంతా ఈ షెడ్డులో ఏడుపులు మిల్లు సంగుతో పోటీ పడేవి. ఈ రోజు పాంచాలి చంకలోని పసిదీ ఏడుపు ఆపి, చక్రం బొమ్మను వేలితో తిప్పి చూస్తున్నది.

మేనేజరుకు ముచ్చటేసింది. అరవంలో మెచ్చుకున్నాడు. మునిని గడ్డం పట్టి అడిగాడు, నీ టీచర్ ఎవరు అని.

ముని సందేహం లేకుండా చెన్నమ్మాళ్‌ను చూపించింది.

"ఈ గది ఇంత చక్కగా ఉంచింది మీరేనా?" అని అడిగాడు ఆయన చెన్నమ్మాళ్‌ను.

చెన్నమ్మాళ్ కాదనలేదు. అవుననీ అనలేదు. ఆమె చూపు ఆ బొమ్మల మీదే ఉంది.

"ఒరు టీచర్ పోదుమే సార్," అన్నాడు మేనేజరు హెడ్మాస్టరుతో. ఇంత బాగా నడిపే మనిషి ఉండగా ఇంకొక టీచరు దేనికి, పోయిన యేడు లాగే రెండు తరగతులూ ఈమే చూసుకోవచ్చునే.

ఆరోగ్యసామి సారు చెన్నమ్మాళ్ వైపు చూశారు. ఇదంతా పాంచాలి చేసిందని ఆమె ఒక్క మాట అంటే చాలు, పోస్టు నిలుస్తుంది. పాంచాలి చూడలేదు. పసిదాన్ని చాప మీద దింపి, దాని ముక్కు తుడిచి, బయటికి పోయింది.

ఒకటో తరగతి మళ్ళీ చెన్నమ్మాళ్‌దయింది. మధ్యాహ్నమంతా ఆమె ఆ గదిలో కూర్చుంది. ఎటు చూసినా ఆ పిల్ల చేతిపనే. తన బిడ్డలు తన ముందు కూర్చుని వేరొకరి బొమ్మలను చూసి నవ్వుతున్నారు.

*

సాయంత్రం మూకాయి కొబ్బరికాయల సంచీతో బస్సు దిగి వచ్చేసరికి పాంచాలి బట్టలు మడిచి ట్రంకుపెట్టెలో పెడుతున్నది. అయ్యప్పన్ గడపలో కూర్చుని ఉన్నాడు. గోపాలసామి షిఫ్టు దిగి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"ఏమయింది?" అంది మూకాయి.

"పోస్టు పోయింది అత్తా," అంది పాంచాలి. "బిడ్డలు పొద్దునే రాలేదు."

"రాకపోవడం ఏమి? పిలిచినారు గదా ఆదివారం?"

మూకాయి ఇద్దరు కోడళ్ళనూ మార్చి మార్చి చూసింది. ఈ లైన్లలో పుట్టి ముసలిదైన మనిషి. ఆమెకు వేరే చెప్పనక్కరలేదు.

"చెన్నమ్మా, నిన్న నువ్వు లైన్లోకి పోలేదా?"

చెన్నమ్మాళ్‌కు చెప్పడానికి వంద సాకులు ఉన్నాయి. ఒకటి ఏరుకోబోయింది.

"అక్కను అనొద్దు అత్తా," అంది పాంచాలి, చీర మడత సరిచేస్తూ. "అక్క నాకు చెప్పింది. నేను పోతానని చెప్పి, బొమ్మలు అంటించే యావలో పడి మరిచిపోతిని. తప్పు నాది దా."

అయ్యప్పన్ తల ఎత్తి పెళ్ళాన్ని చూశాడు. "ఇంత ఏర్పాటు చేసి, ముఖ్యమైనదే మరిచితివా?" ఆ గొంతులో కోపం కన్నా నిరాశే ఎక్కువ ఉంది.

"మరిచితిని."

మూకాయి చిన్నకోడలి తలమీద చెయ్యి పెట్టింది. "పోనీలే తల్లీ. చిన్నపిల్లవి. ఎవురికి దా తప్పు జరగదు?" గోపాలసామి కూడా గోడ విడిచి ముందుకు వచ్చి, ఏదో ఓదార్పు మాట కోసం తడుముకుంటున్నాడు.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అంటారు. ఈ తోడికోడలు నవ్వలేదు. నవ్వి ఉంటే చెన్నమ్మాళ్ ఓర్చుకునేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది, నాలుగు మాటలు తానూ తిట్టి తేల్చుకునేది. ఈ పిల్ల తప్పు కూడా లాక్కుంది. అత్త చెయ్యి, మొగుడి జాలి, మంచిదన్న పేరు, అన్నీ అటే పోయాయి. తరగతి ఇటు వచ్చింది, మంచితనం అటు పోయింది. మంచితనంలో కూడా ఈ పిల్లే ముందా?

"అబద్ధం," అంది చెన్నమ్మాళ్.

అందరూ తిరిగి చూశారు.

"అది అబద్ధం చెప్తాండాది అత్తా. నేను దానికి ఏమీ చెప్పలేదు. ఏమన్నా మరిచితినా అని నన్ను అడిగింది. తెలిసీ నేను చెప్పలేదు. ఈ పొద్దు లైన్లో దాని చేతిలోంచి బిడ్డను నేనే లాక్కుంటిని. మేనేజరు అడిగితే నోరు మూసుకుంటిని. నాకోసం ఎవురూ అబద్ధం చెప్పక్కర్లేదు."

పాంచాలి చేతిలోని చీర జారి పెట్టెలో పడింది. అయ్యప్పన్ గడపలోంచి లేచాడు. మూకాయి కూలబడి కొబ్బరికాయల సంచీ మీద చెయ్యి ఆనించింది.

గోపాలసామి నెమ్మదిగా చెన్నమ్మాళ్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఇప్పుడు కూడా పెంచలేదు.

"ఇంకొక తూరి చెప్పు," అన్నాడు. "నా మొహం చూసి చెప్పు."